ఆ 30 సెకన్లు తీసెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో లెక్కలంటే భయపడే పిల్లల గురించి ఒక ఫుల్ పేజీ వేశారు కదా, దాన్ని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఫొటో తీసి పెడితే దండాలు, బొటనవేళ్ళు ఓ నలభై దాకా పడ్డాయి. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. రోజూ గంటసేపు ప్రాక్టీస్ చేయించి, ఎక్కాలు టైం పెట్టి అప్పజెప్పించుకుంటే లెక్కలు రాని పిల్లలే ఉండరని అందులో రాశారు. ఉంటారండీ. మా ఇంట్లోనే ఒకడున్నాడు. అందుకే ఈ ఉత్తరం, మీ పిల్లల పేజీలో లెక్కల పజిల్ పైన పెట్టే ఆ 30 సెకన్ల గడువు ఎందుకు తీసెయ్యాలో చెప్పడానికి, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి, కట్ చేసుకుని వేసుకోండి కానీ మధ్యలో చీపురు పుల్లల సంగతి మాత్రం తీసెయ్యకండి.

నేను రామంతాపూర్‌లో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్తాను, మొదలుపెట్టి 12 ఏళ్ళయింది, ఒకటి నుంచి ఏడో క్లాస్ దాకా. ఇంతకుముందు నేనూ మీ వ్యాసం రాసినాయన బాపతే. వంటింట్లో ఇడ్లీకి పెట్టుకునే టైమర్ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏడో ఎక్కం ఒక్క నిమిషంలో చెప్పాలి, చెప్పలేకపోతే గోడ దగ్గర నిలబడి పదిసార్లు రాయాలి అనేదాన్ని. చెప్పేవాళ్ళు ఎప్పుడూ చెప్పేవాళ్ళు, నిలబడేవాళ్ళు ఎప్పుడూ నిలబడేవాళ్ళే. రోజూ ఆ ఇద్దరు ముగ్గురే ఎందుకు నిలబడుతున్నారని నాకు అనుమానం రావడానికి పదేళ్ళు పట్టింది, అది కూడా మా చెల్లెలి కొడుకు వచ్చి ఆ గోడ దగ్గర నిలబడ్డాక.

వాడప్పుడు మూడో క్లాస్. కథల పుస్తకం ఇస్తే గడగడా చదువుతాడు, ఇంగ్లీష్ కూడా పర్లేదు, ఐపీఎల్‌లో ఎవరు ఏ టీమ్ నుంచి ఏ టీమ్‌కి మారారో మొత్తం చెప్తాడు. లెక్కల నోట్‌బుక్ తెరిస్తే మాత్రం అంతా ఎర్ర ఇంకే. స్కూల్ పేరు రాయను, పెద్ద స్కూలే, డైరీలో వారానికి రెండుసార్లు కేర్‌లెస్ అని రాసి పంపేవాళ్ళు, చివరికి పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ మా చెల్లిని పక్కకి పిలిచి వచ్చే ఏడాదికి వేరే స్కూల్ చూసుకుంటే బాబుకే మంచిదమ్మా అన్నారంట. అది ఆటోలో ఏడ్చుకుంటూ మా ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 52లోంచి 37 తీసెయ్యమన్నాను. 25 అని రాశాడు. తిట్టబోయి ఎందుకో ఆగి, ఎట్లా చేశావ్ నాన్నా అని అడిగాను. "రెండులోంచి ఏడు పోదు కదా పెద్దమ్మా, అందుకని ఏడులోంచి రెండు తీశా" అన్నాడు. ఇది కేర్‌లెస్సా చెప్పండి. పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి అని ఒకటో క్లాస్‌లో మనమే నేర్పాం, దాన్ని వాడు తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. తర్వాత నూట మూడు రాయమంటే 1003 రాశాడు, అంటే ముందు నూరు రాశాడు, పక్కన మూడు పెట్టాడు, విన్నది విన్నట్టు. ఇవే తప్పులు ఇన్నేళ్ళలో ఎన్ని వందల నోట్‌బుక్కుల్లో చూశానో, ఒక్కసారన్నా ఎట్లా చేశావ్ అని అడిగిన పాపాన పోలేదు, ఇంటూ కొట్టి పేజీ తిప్పేశాను.

తర్వాత ఒక చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గర మూడు సిట్టింగులు అయ్యాక డిస్కాల్క్యులియా అని చెప్పారు. చదవడంలో వచ్చే ఇబ్బందికి డిస్లెక్సియా అంటారని ఇప్పుడు చాలామందికి తెలుసు, ఇది అంకెల దగ్గర వచ్చేది. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు. నాలుగు చింతగింజలు ముందు పడితే మనం లెక్కపెట్టకుండానే నాలుగు అనేస్తాం, వీళ్ళలో చాలామంది ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. 8 పెద్దదా 6 పెద్దదా అంటే మనకి తెలిసిపోతుంది, వీళ్ళు ఒక క్షణం ఆగాలి. ప్రతి చిన్నదానికీ అట్లా ఒక్కో క్షణం పోతుంటే లెక్క సగంలోకి వచ్చేసరికి మొదట్లో ఏం చేస్తున్నారో చేజారిపోతుంది. అట్లాంటి పిల్లాడి ముందు టైమర్ పెట్టడమంటే కాలికి ముల్లు గుచ్చుకున్నవాడి వెనక కుక్కని వదిలినట్టే, నేను పదేళ్ళు చేసింది అదే.

రకరకాల దేశాల్లో చేసిన సర్వేల్లో నూటికి 3 నుంచి 7 మంది పిల్లల దాకా ఇది ఉంటుందని తేలింది. అంటే 40 మంది క్లాస్‌లో ఒకరో ఇద్దరో. నా గోడ దగ్గర నిలబడ్డవాళ్ళ లెక్క కూడా దాదాపు అంతే వస్తుంది, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అట్లా అని లెక్కల్లో వెనకబడ్డ ప్రతివాడికీ ఈ పేరు తగిలించకూడదు లెండి. నా దగ్గరికొచ్చే ఒక పాపకి బోర్డు కనపడక తప్పులు వచ్చేవి, కళ్ళజోడు పెట్టిస్తే సరిపోయింది. ఇంకొకడు రెండేళ్ళు సరిగ్గా బడికే పోలేదు, వాడికి కావాల్సింది ఆ రెండేళ్ళ పాఠాలు. ఎవరి సంగతేంటో కూర్చుని చూడాలి, చూడటానికే మనకి టైం ఉండదు.

మా మరిది అస్సలు ఒప్పుకోలేదు. వీడికేమన్నా పిచ్చా, ఈ ఇబ్బంది ఉందని సర్టిఫికెట్ ఎందుకు, రేపు ముద్ర పడిపోతే ఎవరిది బాధ్యత అని ఒకటే గొడవ. చెల్లెలి అత్తగారైతే పిల్లాణ్ణి బోయిన్‌పల్లి తీసుకుపోతారా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కడ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ 1984లో పెట్టింది, అది మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం, అది వేరు ఇది వేరు అత్తయ్యా అని చెప్పడానికే నాకు నెల పట్టింది.

చట్టం సంగతి కూడా మీ వ్యాసంలో ఎక్కడా లేదు, అందుకని నేను చెప్తాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, వీళ్ళ ఊసే లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టంలో అవి 21 అయ్యాయి, డిస్కాల్క్యులియా పేరు అందులో విడిగా రాసి ఉంది. అదే చట్టం 16వ సెక్షన్‌లో ఇట్లాంటి పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తుపట్టి దానికి తగ్గట్టు చదువు చెప్పే పని స్కూళ్ళదే అని ఉంది. చూశారా, చట్టం తొందరపడమన్నది గుర్తుపట్టే దగ్గర, మనవాళ్ళు తొందరపడేది ఎక్కాల దగ్గర. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ టెన్త్‌లో మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట అదనంగా ఇస్తారు. 2020 పరీక్షల నుంచి మ్యాథ్స్‌లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు కూడా పెట్టారు, బేసిక్ రాయడానికైతే ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఈ గంట గురించి చెప్పాకే మా మరిది కాస్త మెత్తబడ్డాడు. అతని మనసులో ముద్ర కంటే మార్కులే పెద్దవి, అది వేరే సంగతి.

ఇక అసలు సంగతికొస్తా. ఏం చేశాం, ఏది పనికొచ్చింది.

మొదట చెవి దగ్గర మొదలైంది. ఒకరోజు థర్టీన్ అంటే 30 రాస్తున్నాడు, థర్టీ అంటే 13 రాస్తున్నాడు. నిజమే కదా, రెండూ పక్కపక్కన పలికి చూడండి, చివర్లో ఓ చిన్న 'న్' తేడా, ఫోర్టీన్ ఫోర్టీ కూడా అంతే. పైగా థర్టీన్‌లో మూడు ముందు వినపడుతుంది, రాసేటప్పుడేమో ఒకటి ముందు రావాలి. అదే తెలుగులో పదమూడు అనండి, పదీ మూడూ, ఏ వరసలో వినపడుతుందో ఆ వరసలోనే రాస్తాం. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, అన్నిట్లో ముందు పది కూర్చునుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇంకా సాఫు. నా దగ్గర ఉర్దూ మాట్లాడే పిల్లలు ముగ్గురున్నారు, పాపం వాళ్ళకి ఉన్తీస్ (29), ఉన్తాలీస్ (39), ఉన్‌చాస్ (49) అని నూరు దాకా దాదాపు ప్రతి అంకెకీ విడిగా ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి, అది చూశాక మన భాష మన పిల్లలకి ఎంత సాయం చేస్తోందో అర్థమైంది. ఆ సాయాన్ని మనం నర్సరీలోనే తీసి పక్కన పడేసి, ఇంగ్లీష్ మీడియం అని చెప్పి థర్టీన్‌తో మొదలుపెడుతున్నాం. ఇంగ్లీష్ వద్దనట్లేదు, నా ట్యూషన్‌లో తెలుగు మీడియం వాళ్ళు ఒక్కరూ లేరు, కానీ లెక్క అర్థమయ్యే దాకా పది అనే మాట చెవిన పడనివ్వండి అంటున్నా. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం పెట్టినప్పుడు పుస్తకాలు ఒక పక్క తెలుగు ఒక పక్క ఇంగ్లీష్ ఉండేలా వేశారు, ఆ ఒక్క పని మాత్రం బ్రహ్మాండంగా చేశారు. మావాడికి మా పనిమనిషి కూతురి పుస్తకం అడిగి తెచ్చి చూపించాను, వేలకి వేలు పోసి కొన్న స్కూల్ పుస్తకం కంటే అదే నచ్చింది వాడికి.

ఇప్పుడు చీపురు పుల్లలు. కొత్త కొబ్బరి చీపురు ఒకటి విప్పి పుల్లలన్నీ జానెడు జానెడు విరిచాను, పదేసి పుల్లలకి జడ రబ్బరుబ్యాండ్ వేసి కట్టలు కట్టించాను, కట్టేది వాడే, లెక్కపెట్టేది వాడే, నేను తప్పుపట్టను, తొమ్మిది కట్టినా ఊరుకుంటా, తర్వాత వాడికే తెలుస్తుంది. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 37 తీసి నాకివ్వు అన్నా. మూడు కట్టలు టక్కున ఇచ్చేశాడు. ఇంక ఏడు పుల్లలు ఇవ్వాలి, చేతిలో విడివి రెండే ఉన్నాయి. చాలాసేపు చూశాడు. నేను నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమైందో, నాలుక చివర ఉంది మాట. "పెద్దమ్మా, కట్ట విప్పొచ్చా?" అన్నాడు. విప్పు నాన్నా అన్నా. రబ్బరుబ్యాండ్ తీసి చేతికి గాజులాగా వేసుకుని ఏడు పుల్లలు లెక్కపెట్టి ఇచ్చాడు, మిగిలింది చూసి కట్టొకటి, పుల్లలు ఐదు, పదిహేను అన్నాడు.

ఆ తర్వాత వాడు అడిగిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "స్కూల్లో టీచర్ పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలి అంటది కదా, మరి ఆ అప్పు మళ్ళీ ఎప్పుడు ఇస్తాం పెద్దమ్మా?" నాకు నోట మాట రాలేదు. అప్పు అనే మాట నేను కూడా ఇన్నేళ్ళూ వాడుతున్నాను, అక్కడ అప్పు ఏముందండీ, ఎవరూ ఎవరికీ ఇవ్వట్లేదు, ఉన్న కట్టే విప్పుకుంటున్నాం. కిరాణా కొట్టులో పది నోటుకి చిల్లర మార్చుకున్నట్టు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అప్పు అనే మాట బంద్, కట్ట విప్పడం అంటాం, లేదా చిల్లర మార్చడం అంటాం. (చిల్లరతో నేర్పేటప్పుడు పది రూపాయల బిళ్ళ వాడకండి, మా వీధిలో సగం కొట్లవాళ్ళు ఆ బిళ్ళ తీసుకోరు, చెల్లుతుందని రిజర్వ్ బ్యాంక్ ఎన్నిసార్లు చెప్పినా వినరు, పిల్లాడికేమో అది డబ్బు కాదేమో అని ఇంకో అనుమానం మొదలైంది.) ఇంకో సంగతి చూశారా, వాడు ముందు కట్టలిచ్చి తర్వాత పుల్లలిచ్చాడు, అంటే ఎడమ నుంచి మొదలుపెట్టాడు. స్కూల్లో కుడి నుంచే చెయ్యాలి లేకపోతే తప్పు. కొట్టువాళ్ళంతా ఎడమ నుంచే చేస్తారు, వాళ్ళకెప్పుడూ నష్టం రాలేదు మరి.

మూడు వారాలు ఒట్టి పుల్లలే. నోట్‌బుక్ ముట్టుకోలేదు. తర్వాత పుల్లల బదులు కాగితం మీద నిలువు గీతలూ చుక్కలూ, గీత అంటే కట్ట, చుక్క అంటే పుల్ల. ఆ తర్వాతే అంకెలు. మధ్యలో తప్పుతుంటే మొహమాటం లేకుండా మళ్ళీ పుల్లల దగ్గరికి పోయేవాళ్ళం. మిగతా పిల్లల అమ్మానాన్నలు చూసి మూడో క్లాస్ పిల్లాడితో ఈ అంగన్వాడీ ఆటలేంటి అన్నారు, ఒకావిడ ట్యూషన్ మాన్పించింది కూడా. పోతే పోయింది.

ముందుకి వెనక్కి లెక్కపెట్టడం మాత్రం మెట్రో నేర్పింది. చెల్లి వాళ్ళుండేది నాగోల్, మా అమ్మ ఉండేది తార్నాక, వారం వారం ఆ రైలే ఎక్కుతారు. నాగోల్ సున్నా అనుకో, ఉప్పల్ ఒకటి, స్టేడియం రెండు, ఎన్‌జీఆర్‌ఐ మూడు, హబ్సిగూడ నాలుగు, తార్నాక ఐదు. తార్నాకలో ఎక్కి రెండు స్టేషన్లు వెనక్కొస్తే ఎక్కడ దిగుతావ్ అంటే మొదట్లో హబ్సిగూడ అనేవాడు, తార్నాక ఒకటి హబ్సిగూడ రెండు అని, నిలబడ్డ చోటుని కూడా లెక్కలో వేసుకుని. నోట్‌బుక్‌లో 5లోంచి 2 తీస్తే 4 అని రాసేది ఇందుకా అని అప్పుడు తెలిసింది నాకు. రైల్లో ఒకరోజు తలుపు మూసుకున్నాక తనే, రైలు కదిలి ఇంకో స్టేషన్‌లో ఆగితేనే ఒకటి కదా పెద్దమ్మా, ఎక్కినందుకు ఒకటి కాదు కదా అన్నాడు. అంతే, ఆ తప్పు మళ్ళీ రాలేదు అనను, తగ్గింది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సీగ్లర్, రమణి అని ఇద్దరు 2008 ప్రాంతంలో బడికి ముందు వయసు పేద పిల్లలతో 1 నుంచి 10 దాకా గళ్ళు వరసగా ఉన్న బోర్డు మీద ఆట ఆడించి చూశారు, రెండు వారాల్లో నాలుగు సార్లు, ప్రతిసారీ ఓ పావుగంట, అంతమాత్రానికే అంకెల మీద పట్టు పెరిగిందట, గళ్ళు గుండ్రంగా ఉన్న బోర్డుతో అంత మేలు రాలేదట. అది చదివి మా కారిడార్‌లో సుద్దతో నాగోల్ నుంచి తార్నాక దాకా గళ్ళు గీశాను, వాచ్‌మన్ పిల్లలు కూడా వచ్చి ఎగురుతున్నారు.

తార్నాకలో మా అమ్మ దగ్గర పాత వామనగుంటల పీట ఉంది, ఇటు ఏడు గుంటలు అటు ఏడు. మా అమ్మా మావాడూ దాని ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేవరు. మావాడికి గుంటలో మూడు గింజలుంటే ఇప్పుడు చూడగానే మూడు అంటున్నాడు, నాలుగుకి ఇంకా వేలు పెడతాడు. వేళ్ళ మీద లెక్కపెడితే స్కూల్లో చెయ్యి మీద కొట్టేవాళ్ళంట. మా అమ్మ బొటనవేలితో కణుపులు తాకుతూ జపం చేసుకుంటుంది, చెయ్యికి నాలుగు వేళ్ళు వేలికి మూడు కణుపులు పన్నెండు, డెబ్బై ఏళ్ళావిడ చేస్తే భక్తి, ఎనిమిదేళ్ళ వాడు చేస్తే తప్పా?

ఎక్కాల సంగతి. ఎక్కాలకి నేను శత్రువుని కాదు, రెండొకట్ల రెండు రెండు రెళ్ళు నాలుగు అనే ఆ పాటలో కొంతమందికి నిజంగానే బలం ఉంటుంది. కానీ మావాడికి పాట మధ్యలో తెగిపోతుంది, ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెట్టాలి, ఐదు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొదలుపెట్టాడో మర్చిపోతాడు. వాడికి రెట్టింపు చెయ్యడం వచ్చు, అందుకని ఏడు రెళ్ళు 14, దాని రెట్టింపు 28, దాని రెట్టింపు 56, ఏడెనిమిదులు వచ్చేసింది. మూడు అడుగులు, ఏ అడుగూ బట్టీ కాదు. మిగతావాటికి ఎక్కాల చార్ట్ బల్ల మీద అతికించేశాను, చూసి చెయ్యమన్నా. కాపీ కొట్టడం నేర్పుతున్నావా అన్నారు ఒకరు. మా కిరాణా సేఠ్ మూడు సామాన్లకి కూడా క్యాలిక్యులేటర్ నొక్కే బిల్లేస్తాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు.

నిమిషంలో వంద లెక్కలు అని బోర్డులు పెట్టే అబాకస్ సెంటర్లలో చేర్పించమని చాలామంది సలహా ఇచ్చారు. ఆ పూసలు మంచివే, నెమ్మదిగా వాడితే పుల్లల కట్టలాంటివే. మా చెల్లి చేర్పించింది కూడా, నాలుగో వారం పోటీ పెట్టారు, వీడు బాత్రూంలోకి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు.

ఇంకో తప్పు నాదే, దాచను. నాలుగు నెలలు బాగా నడిచాక యూనిట్ టెస్ట్ వస్తోందని నాకు ఆశ పుట్టింది, ఎంత టైం పడుతోందో చూద్దాం, ఊరికే, అని ఆ పాత ఇడ్లీ టైమర్ బల్ల మీద పెట్టాను. వాడు పెన్సిల్ కింద పెట్టేశాడు. ఏడవలేదు, ఏమీ అనలేదు, రాయలేదు, అంతే. పదిహేను రోజులు పట్టింది మళ్ళీ పుల్లలు ముట్టుకోవడానికి. టైమర్ ఇప్పుడు వంటింట్లోనే ఉంటుంది.

ఇప్పుడు ఐదో క్లాస్, స్కూల్ మారాం, చిన్న స్కూలు, టీచరమ్మ 45 మందితో సతమతమవుతూ కూడా వీడికి పది లెక్కల బదులు నాలుగిచ్చి పూర్తిగా చెయ్యమంటుంది. పోయిన టెస్టులో 25కి 12 వచ్చాయి, అంతకుముందు నాలుగూ ఐదూ వచ్చేవి. భాగహారం ఇంకా రాలేదు. గడియారం చూడ్డం సగం వచ్చింది. ఆటో అతను యాభైకి చిల్లర తక్కువిస్తే మాత్రం ఈమధ్య కనిపెట్టేస్తున్నాడు, మీటర్ దగ్గర నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఆదివారం పిల్లల పేజీలో లెక్కల పజిల్ వేస్తారు కదా, దాని పైన 30 సెకన్లలో చెప్పండి చూద్దాం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పజిల్ ఉంచండి, ఆ 30 సెకన్లు తీసెయ్యండి. పోయిన వారం పజిల్ మావాడు చేశాడు. నేను ఆ పై లైన్ మీద బిస్కెట్ ప్యాకెట్ పెట్టి కప్పేశాను. పాతిక నిమిషాలు పట్టింది, రెండుసార్లు పుల్లలు తెచ్చుకున్నాడు, ఒకసారి మంచినీళ్ళకి లేచాడు, కిందకి పేపర్ తిప్పి చూస్తే ఆన్సర్ కరెక్టే.

ఇట్లు
ఒక ట్యూషన్ టీచర్,
రామంతాపూర్, హైదరాబాద్